33 గ్రేడ్ సిమెంట్: తక్కువ రకమా, తక్కువ తొందరా?

[తెర మీద: పక్కపక్కనే మూడు సిమెంట్ బస్తాలు. వాటి మీద 33, 43, 53 అంకెలు.]

నమస్కారం. ఇల్లు మొదలుపెట్టినవాళ్ళు సిమెంట్ షాపులో అడిగే మొదటి మాట, "53 గ్రేడ్ ఉందా?" అని. అంకె పెద్దదైతే సరుకు మంచిదన్న లెక్క. ఆ లెక్కన చూస్తే 33 గ్రేడ్ మరీ పాపం. మన పదో తరగతి పరీక్షలో 33 అంటే రెండు మార్కుల్లో పోయినట్టే కదా!

కానీ ఇవి మార్కులు కావు. ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం.

[తెర మీద: ఇనుప అచ్చు, అందులోంచి తీసిన చిన్న ఘనం, దాన్ని నొక్కే యంత్రం.]

ఒక పాలు సిమెంట్‌కి మూడు పాళ్ళు ఇసుక కలుపుతారు. ఏ వాగు ఇసుకో పనికిరాదు, తమిళనాడులోని ఎన్నూరు ఇసుక కావాలి. కొలిచి నీళ్ళు పోసి 70.6 మిల్లీమీటర్ల ఘనాలు చేస్తారు. అదేం వింత కొలత అనుకోకండి. అలా చేస్తే ఒక్కో ముఖం 50 చదరపు సెంటీమీటర్లకు బాగా దగ్గరగా వస్తుంది. వాటిని 27 డిగ్రీల దగ్గర నీళ్ళలో ఉంచి, 28వ రోజున యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. చదరపు మిల్లీమీటరుకు కనీసం 33 న్యూటన్లు తట్టుకుంటే అది 33 గ్రేడ్. అంటే గుప్పెట్లో పట్టే ఆ ముక్క మీద దాదాపు 17 టన్నుల బరువు పెట్టినట్టు. మనం బలహీనం అంటున్నది దీన్నే!

ఇప్పుడు 28 రోజులు ఆగకుండా మధ్యలో తొంగిచూద్దాం.

[తెర మీద: రెండు గీతలు. ఒకటి మొదట్లోనే నిటారుగా లేస్తుంది, ఇంకోటి మెల్లగా ఎక్కుతుంది.]

మూడో రోజుకి 33 గ్రేడ్‌కి కావలసిన బలం 16, ఏడో రోజుకి 22. అదే 53 గ్రేడ్ అయితే మూడో రోజుకే 27, ఏడో రోజుకి 37. ఈ తేడా ఎందుకంటే, సిమెంట్‌లో బలాన్నిచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండు. ఒకటి ట్రైకాల్షియం సిలికేట్. నీళ్ళు తగలగానే పనిలోకి దిగి మొదటి వారాల్లోనే బలం ఇస్తుంది, వేడి కూడా గట్టిగానే పుట్టిస్తుంది. రెండోది డైకాల్షియం సిలికేట్. ఇది నెమ్మదస్తురాలు, నెలల తరబడి కొంచెం కొంచెంగా గట్టిపడుతూనే ఉంటుంది. పెద్ద గ్రేడ్‌లలో మొదటిదాని వాటా పెంచుతారు, పొడిని ఇంకా మెత్తగా నూరుతారు. పొడి మెత్తనైన కొద్దీ నీళ్ళు తగిలే చోటు ఎక్కువ, కాబట్టి పని వేగం. 33లో ఆ రెండూ తక్కువ. అందుకే మొదట్లో బలం నిదానంగా వస్తుంది, వేడి కూడా తక్కువగా పుడుతుంది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. "33 గ్రేడ్ ఆలస్యంగా బిగుస్తుంది, పని సాగదు" అంటారు. బిగుసుకోవడం వేరు, బలపడటం వేరు. ప్రమాణాల్లో మూడు గ్రేడ్‌లకీ ఒకే నియమం: కలిపిన 30 నిమిషాలలోపు బిగుసుకోవడం మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తవాలి. తేడా అంతా ఆ తర్వాత వచ్చే రోజుల్లోనే.

[తెర మీద: గోడకి ప్లాస్టరింగ్ చేస్తున్న మేస్త్రి.]

మరి దీన్ని ఎక్కడ వాడాలి? ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్, గచ్చు, పునాది కింద వేసే బెడ్ కాంక్రీట్. ఎం20 దాకా, అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం దాకా, మామూలు కాంక్రీట్‌కి కూడా సరిపోతుంది.

ప్లాస్టరింగ్ దగ్గర కాసేపు ఆగుదాం, అసలు నష్టం జరిగేది ఇక్కడే. ఒకటికి ఆరు పాళ్ళ మాలు, 12 మిల్లీమీటర్ల మందం. ఆ పొర ఏ బరువూ మోయదు, గోడని అంటిపెట్టుకుని ఉండటమే దాని పని. అలాంటి చోట 53 గ్రేడ్ తెచ్చి, పైగా "గట్టిగా ఉండాలి" అని ఇంకో రెండు తట్టలు ఎక్కువ వేయిస్తారు. సిమెంట్ ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. గోడ ముడుచుకోదు. ఆ లాగులాటలో వెంట్రుకంత సన్నని పగుళ్ళు వస్తాయి. తర్వాత తిట్లు మాత్రం మేస్త్రికి! నన్నడిగితే ప్లాస్టరింగ్‌కి 53 అడగడం చేతి డబ్బు పెట్టి పగుళ్ళు కొనుక్కోవడమే.

వాడకూడని చోట్లు కూడా చెప్పాలి. వంతెన గర్డర్ల లాంటి ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్‌కి, అంటే లోపలి ఉక్కు తీగల్ని లాగి బిగించి చేసేదానికి, ఇది పనికిరాదు. సెంట్రింగ్ తొందరగా విప్పి ముందుకు పోవాల్సిన పనులకూ నప్పదు. సల్ఫేట్ లవణాలు ఎక్కువున్న నేలలోనైతే ఏ గ్రేడ్ సాధారణ సిమెంటైనా చిక్కే, అక్కడికి వేరే రకం ఉంది.

[తెర మీద: తట్టలో మాలు, పక్కన బకెట్‌తో నీళ్ళు పోస్తున్న చెయ్యి.]

ఇంకో మాట. బస్తా మీది 33 సిమెంట్ సంగతి, మీ స్లాబు సంగతి కాదు. ఎం20 అంటే కాంక్రీట్ బలం 20. ఆ 20 వస్తుందా రాదా అన్నది ఎక్కువగా ఈ బకెట్ చేతిలో ఉంది. సిమెంట్ బరువులో సగం నీళ్ళు అనుకుంటే 50 కిలోల బస్తాకి 25 లీటర్లు. పని జారుగా సాగుతుందని ఇంకో రెండు బకెట్లు పోస్తే 53 గ్రేడ్ కూడా నీరుగారిపోతుంది. ఇక తడపడం: సాధారణ సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఎండలు మండిపోతుంటే 10. నిదానంగా బలపడే 33కి ఈ తడి మరీ ముఖ్యం. మూడో రోజుకే మోటారు ఆపేస్తే అది ఇంకా సగం బలం దగ్గరే ఉంటుంది.

సరే, షాపుకి వెళ్ళి 33 అడిగితే దొరుకుతుందా? చాలాచోట్ల దొరకదు. ఒకప్పుడు మామూలు సిమెంట్ అంటే ఇదే. 1976లో 43కి, 1987లో 53కి విడి ప్రమాణాలు వచ్చాక మెల్లగా వెనకబడిపోయింది. 2015లో మూడింటినీ ఐఎస్ 269 అనే ఒకే ప్రమాణం కిందికి తెచ్చారు. కాగితం మీద 33 ఇంకా ఉంది, షాపులో దాని చోటు పీపీసీది, అంటే పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంట్‌ది.

[తెర మీద: పీపీసీ బస్తా. ఐఎస్ 1489 అన్న అంకె దగ్గరగా.]

తమాషా ఏమిటంటే, ఫ్లై యాష్, అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద, కలిపిన ఈ పీపీసీకి ప్రమాణం అడిగే కనీస బలాలు చూడండి: 3 రోజులకి 16, 7 రోజులకి 22, 28 రోజులకి 33. అవే అంకెలు! వేడి తక్కువ, నెమ్మదిగా బలపడే గుణం ఇందులోనూ ఉన్నాయి. ఫ్లై యాష్ వల్ల 28 రోజుల తర్వాత కూడా బలం పెరుగుతుంది. కాబట్టి కట్టుబడికీ ప్లాస్టరింగ్‌కీ నిశ్చింతగా తీసుకోండి. తడపడం మాత్రం 7 సరిపోదు, 10 రోజులు ఉండాలి.

కొనేముందు బస్తా తిప్పి చూడండి. తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా వాడొద్దు, గాలిలోని తేమకే బలం తగ్గిపోతుంది. తెచ్చాక చెక్క పలకల మీద, గోడకి తగలకుండా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చండి. ముందు వచ్చినవి ముందు వాడేయండి. చెయ్యిపెట్టి చూస్తే పొడి చల్లగా, మెత్తగా తగలాలి. వేళ్ళతో నలిపినా చితకని గడ్డలుంటే ఆ బస్తా వెనక్కి పంపేయండి, దాని మీద ఏ అంకె ఉన్నా సరే.