కిలోమీటరుకి 28 సెకన్లు

శ్రోతలకు నమస్కారం. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. తెల్లారగట్ల కాలువగట్టు మీద నాకు రోజూ ఎదురొచ్చేది మాత్రం పాల క్యాన్ల ఆసామే. మొదట్లో "ఎవరు తరుముతున్నారండీ మాస్టారూ?" అనేవాడు. ఇప్పుడు "ఇయ్యాళ ఎన్ని కిలోమీటర్లండీ?" అంటున్నాడు. ఆయ్, అంతవరకూ వచ్చాం.

మొన్న జనవరిలో ముంబయిలో నా మొదటి మారథాన్, అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు, 4 గంటల 50 నిమిషాల్లో పూర్తిచేశాను. వచ్చే జనవరికి అదే దూరం నాలుగున్నర గంటల్లో ముగించాలని పంతం. ఇరవై నిమిషాలంటే కొండలా కనిపించింది. కాగితం మీద వేసి చూస్తే, కిలోమీటరుకి 6 నిమిషాల 52 సెకన్లు పట్టేది 6 నిమిషాల 24 సెకన్లకి రావాలి. తేడా 28 సెకన్లు. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

అనుకుని, సెప్టెంబరు మొదట్లో సాధనకి దిగిన రోజు నుంచీ ఆ 6:24 వేగంతోనే పరిగెత్తాను. రెండు వారాలు తిరిగేసరికి పిక్కలు రాళ్లయ్యాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. తప్పు కాళ్లది కాదు, తొందరది. కండరాల్లోనూ కాలేయంలోనూ శరీరం దాచుకున్న పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్లు దాటాక అడుగంటుతుంది. వేగం పెంచినకొద్దీ అది ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది. నెమ్మదిగా, ఎక్కువసేపు పరిగెడితే కొవ్వును వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం పెరుగుతుంది. అందుకే ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పరుగు. వేగం ఒక్కరోజు. మిగతా మూడు రోజులూ పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నిదానం. వాటిలో ఆదివారంది పొడుగు పరుగు: 14 కిలోమీటర్లతో మొదలుపెట్టి, డిసెంబరుకి 30 దాకా. ప్రతి నాలుగో వారం కాస్త తగ్గిస్తాను.

మన గోదావరి డెల్టాకి సొంత చిక్కులు రెండున్నాయి. ఒకటి ఉక్క. చుట్టూ కాలువలూ, వరిచేలూ. గాలి నిండా తేమ. చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి వానలు వెళ్లేదాకా గడియారం కంటే ఊపిరినే నమ్ముకోవాలి. మనకి కొబ్బరిబొండాలకి కొదవలేదు కదా అంటారు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ, చెమటలో పోయే సోడియం తక్కువ. పొడుగు పరుగు తర్వాత నాకు ఉప్పేసిన పల్చటి మజ్జిగే పడుతుంది. దారిలో తినడానికి జేబులో రెండు చక్కెరకేళీలు.

రెండో చిక్కు, నేల బల్లపరుపు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి సముద్రందాకా కాలువలు వాటంతటవే పారేంత సన్నటి వాలు తప్ప మెరక లేదు. వ్యవసాయానికి వరమే, నాకు మాత్రం శాపం. ముంబయిలో సరిగ్గా ఒంట్లో సత్తువ ఇంకిపోయే వేళకి, 35వ కిలోమీటరు దరిదాపుల్లో, పెద్దర్ రోడ్డు ఎత్తు తగులుతుంది. కిందటిసారి అక్కడ నడిచాను. ఇప్పుడు బుధవారాలు ఇసుక ర్యాంపు దగ్గర ఏటిగట్టు మీదికి ఎనిమిదిసార్లు ఎక్కి దిగుతున్నాను. ఇసుక ట్రాక్టర్లు రాకముందే ముగించుకోవాలి, అది వేరే పరుగు.

ఇక అసలు గండం వేరే ఉంది. ముంబయి పోటీ జనవరి మూడో ఆదివారం. దానికి ముందు రెండు మూడు వారాలు పరుగు తగ్గించి, అలవాటైన తిండే తింటూ, ఒళ్లు తేలిక చేసుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే సంక్రాంతి. గోదావరి జిల్లాల్లో పండక్కొచ్చిన అల్లుడికి విస్తట్లో ఎన్ని రకాలు వడ్డిస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అత్తగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదండి. ఈ రేడియో ఆవిడ వినకపోతే బావుణ్ణు.