పక్కన లేఅవుట్ వేశారు, మా చేలో నీరెటు పోవాలి?

యాంకర్: నమస్కారం. ఇవాళ ఊరి చివరి పొలాలు, లేఅవుట్లు, బోదెల గొడవలు, అంటే చేలకి నీరు పారే చిన్న కాలవల గొడవలు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్. హలో?

శ్రోత (కడియం మండలం): హలో, వినపడుతుందాండి?

యాంకర్: వినపడుతోంది. రేడియో సౌండు తగ్గించి మాట్లాడండి.

శ్రోత: ఆయ్, తగ్గించానండి. మాది ఎకరం ఇరవై సెంట్లండి. మా నాన్నగారి పొలం. అప్పట్లో చుట్టూ వరే. ఇప్పుడు అటు నర్సరీ, ఇటు ఫంక్షన్ హాలు, ఎగువన కొత్తగా లేఅవుట్ పడింది. రాజమండ్రి మా గట్టు మీదకొచ్చేసిందనుకోండి. మా బావమరిదేమో అమ్మెయ్ బావా అంటాడు, మా ఆవిడేమో...

ఇంజినీరు: సమస్య చెప్పండి బాబూ.

శ్రోత: అక్కడికే వస్తున్నానండి. లేఅవుటోళ్ళు బోదె మీద రోడ్డేశారు. సార్వాకి, అదేనండి వానాకాలం పంటకి, నీరందలేదు. గట్టి వానొస్తే మాత్రం చేను మునిగిపోతుంది. అమ్మేయమంటారా?

ఇంజినీరు: అది తర్వాత. రోడ్డు కింద తూము పెట్టారా?

శ్రోత: అడుగు వెడల్పు గొట్టం వేశారండి.

ఇంజినీరు: బోదె ఎంత ఉండేది?

శ్రోత: మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు.

ఇంజినీరు: అంటే దారి సుమారు ఆరో వంతే మిగిలింది. గొట్టం బోదె అడుక్కి ఆనుకుందా, పైకుందా?

శ్రోత: జానెడు పైకుందండి. మూతి దగ్గర పాలిథిన్ కవర్లు, గుర్రపుడెక్క.

ఇంజినీరు: అదీ సంగతి! కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్ళు తెచ్చిన సంగతి అందరూ చెబుతారు. కాలువని మెరక మీద నడిపి, మురుగుని పల్లంలోకి దించారని ఎవరూ చెప్పరు. మధ్యలో ఒక చేలోంచి ఇంకో చేలోకి నీరు జారుతుంది. నాలుగు చేలు గ్రావెల్ పోసి ఎత్తు చేస్తే దిగువ వాళ్ళకి ఎండలో నీరు రాదు, వానలో నీరు పోదు. నేనెప్పుడూ చెప్పేదే: బ్రోచర్ కాదు, బోదె చూడండి.

శ్రోత: మరి అమ్మేయమంటారా?

ఇంజినీరు: (నవ్వి) అమ్ముకోవడం మీ ఇష్టం. అమ్మేదాకా మురుగు పోవాలి కదా. ముందు సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, తీయించండి. బోదె పోరంబోకుగా ఉంటే పూడ్చే హక్కు ఎవరికీ లేదు. తహసీల్దారుకి, ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరుకి రాసిచ్చి రసీదు తీసుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో కూడా పెట్టండి. బోదె ఎవరి పట్టా భూమిలో ఉన్నా దిగులు పడకండి. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా హక్కుగా వాడుకుంటే దారి, నీటి హక్కు అడగొచ్చు. దానికి లాయరు కావాలి. నీటి సంఘాన్ని కలుపుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. ఇవాళే ఆ గొట్టం ఫోటో తీసి పెట్టుకోండి.

శ్రోత: అది కాదండి, మా ఆవిడ...

యాంకర్: ధన్యవాదాలండి. తర్వాతి ఫోన్, అమలాపురం నుంచి.

శ్రోత (అమలాపురం): నమస్తే సార్. ఊరి బయట అయిదు సెంట్లు కొన్నాం, పక్కన ఇంకా వరిచేలే. ఎంత మెరక చేయాలి?

ఇంజినీరు: అమ్మా, వానాకాలంలో వెళ్ళి చూశారా?

శ్రోత: లేదండి. ఎండాకాలంలో చూశాం.

ఇంజినీరు: అందరూ అంతే! కాలువలకి నీళ్ళు ఆపేశాక పొడి నేల చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. పక్క రోడ్డు కంటే ఎత్తుండాలి, ఆ రోడ్డు రేపు ఇంకా లేస్తుంది. గ్రావెల్ ఒకేసారి గుమ్మరించకండి. పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పించండి, ఒక వర్షాకాలం ఆగండి. అడుగున నల్లమట్టి ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. మట్టి పరీక్ష చేయించాకే పునాది.

శ్రోత: మా తాపీమేస్త్రీ అక్కర్లేదన్నారండి.

ఇంజినీరు: గోడ బీటలిస్తే ఆయన రాడమ్మా. పరీక్ష చేయించండి. బోదె కూడా చూసుకోండి.

యాంకర్: భీమవరం నుంచి ఇంకొకరు. త్వరగా చెప్పండి.

శ్రోత (భీమవరం): సార్, మా చేను పక్కన చేపల చెరువు తవ్వారు. ఊట దిగి గట్టు దగ్గర వరి ఎర్రబడుతోంది. కాలువ గట్టు మీద టౌను చెత్త కూడా...

ఇంజినీరు: రెండు వేరు వేరు గొడవలు. ముందు చేను మట్టి, ఊటనీరు రెండూ పరీక్షకి పంపండి, ఉప్పు ఎంతుందో తేలాలి. చెరువుకి అనుమతి ఉందేమో మత్స్యశాఖలో అడగండి. చెత్త సంగతి...

యాంకర్: లైను కట్టయింది. సమయం కూడా అయిపోయింది. ఇంజినీరు గారికి ధన్యవాదాలు. వచ్చే వారం కొబ్బరి తెగుళ్ళ మీద మాట్లాడుకుందాం.