చర్చి, యూనివర్సిటీ కలిస్తే జనం ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా?

నమస్తే అండి. యూనివర్సిటీ దగ్గర డాక్టర్లు, ల్యాబులు ఉంటాయి, చర్చి దగ్గర మనుషులు ఉంటారు, ఇద్దరినీ కలిపితే చాలు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. కానీ ఎలా కలిశారన్నదే అసలు విషయం.

(మ్యాప్: నైజీరియా, ఎనుగు రాష్ట్రం)

తల్లికి హెచ్ఐవీ ఉందని ముందే తెలిస్తే, మందులతో బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపొచ్చు. కానీ పరీక్షకు వెళ్తే ఎవరేమనుకుంటారో అన్న టెన్షన్‌తో చాలామంది ఆగిపోతారు. అందుకే అమెరికాలోని నెవాడా యూనివర్సిటీ పరిశోధకులు నైజీరియాలోని ఎనుగు రాష్ట్రంలో 40 చర్చిలతో కలిసి ఒక ప్రయత్నం చేశారు. సగం చర్చిల్లో, ఆదివారం ఆరాధనలో పాస్టర్ గర్భిణులను, వాళ్ల భర్తలను పిలిచి ప్రార్థన చేశారు, తర్వాత అక్కడే బేబీ షవర్ (మన సీమంతం లాంటి వేడుక) పెట్టారు, రక్త పరీక్షలూ అక్కడే. ఒక్క హెచ్ఐవీకే కాదు, రక్తహీనత, మలేరియా, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు), హెపటైటిస్ బి అన్నీ కలిపి. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే అందరూ అన్నిటికీ రక్తం ఇస్తున్నప్పుడు ఎవరినీ వేలెత్తి చూపే వీలుండదు. 2015లో ఫలితాలు వచ్చాయి: ఈ చర్చిల్లో 92 శాతం గర్భిణులు హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నారు, ఆసుపత్రికి వెళ్లమని చెప్పి పంపిన మిగతా సగంలో 55 శాతమే.

న్యూయార్క్‌లో 32 చర్చిల్లో బీపీ మీద ఇలాంటిదే చేశారు. సంఘస్తులకే శిక్షణ ఇచ్చి, వాళ్లతోనే క్లాసులు చెప్పించారు. 6 నెలలకు బీపీలో పై అంకె, మామూలు ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లకంటే సుమారు 6 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. 9 నెలలకు మాత్రం ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. ప్రాజెక్టులు కొన్నాళ్లకు అయిపోతాయి, బీపీ అయిపోదు కదా.

ఇక నమ్మకం. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ, ఒక విద్యాసంస్థ సాయంతోనే, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు జబ్బు సంగతి చెప్పకుండా, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా చూస్తూ కూర్చుంది. అలాంటి చరిత్ర ఉన్నప్పుడు, పరిశోధకులు ఫారాలు పట్టుకుని వస్తే జనం అనుమానించడంలో తప్పేముంది?

అందుకే పాస్టర్లకు ఒక మాట. ప్రాజెక్ట్ అంతా రాసేసుకుని, సంతకం కోసమే వచ్చేవాళ్లను కాస్త ఆపండి. వివరాలు ఎవరు చూస్తారు, ఫలితాలు సంఘానికి ఎప్పుడు చెప్తారు, డబ్బులు ఆగాక రోగుల సంగతి ఎవరు చూస్తారు అని అడగండి. ఇంకొకటి, మీరు చెప్పారంటే కాదనడం చాలామందికి కష్టం, కాబట్టి పరీక్ష వద్దన్నవాళ్లను ఎవరూ ఏమీ అనరని కూడా మీ నోటితోనే అందరి ముందూ చెప్పండి.