ఏమీ చేయని కమాండ్: షెల్ తొలి రోజుల కథ

[తెర మీద: నల్లటి టెర్మినల్, మిణుకుమంటున్న కర్సర్]

నమస్కారమండీ! లినక్స్ టెర్మినల్ తెరిచి ఉంటే ఒక్క కోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. ఏమీ చేయకపోవడమే దాని పని. ఇదెందుకు పెట్టారో తెలియాలంటే 1971కి వెళ్లాలి.

మనం టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాంని షెల్ అంటారు. అప్పటికే 'షెల్' అనే పేరుంది. పెట్టింది లూయీ పూజాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్. ఎంఐటీలో ఉండగా, ఫైల్లో రాసిపెట్టిన కమాండ్లను వరసగా నడిపే రన్‌కామ్ అనే ప్రోగ్రాం రాశాడు. ఇప్పుడు మనం వాడే బాష్ అనే షెల్ మొదలవగానే చదివే బాష్‌ఆర్‌సీ ఫైలు పేరు చివర 'ఆర్‌సీ' అక్కడిదే.

[తెర మీద: 1971, బెల్ ల్యాబ్స్]

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన షెల్ చాలా చిన్నది. అందులో షరతు చూసే ఇఫ్ లేదు, వేరే లైనుకి దూకించే గోటూ లేదు. అవి బయట విడివిడి ప్రోగ్రాములు! మరి బయటున్న గోటూ, షెల్‌ని వేరే లైనుకి ఎలా పంపుతుంది? నాకు భలే నచ్చే సంగతి ఇదే.

[తెర మీద: స్క్రిప్టు ఫైలు, లైన్ల వెంట కదిలే వేలు]

చిన్నపిల్లలు పాఠం చదువుతూ అక్షరాల కింద వేలు పెడతారు చూడండి. షెల్‌కీ ఫైల్లో ఎక్కడిదాకా చదివిందో అలాంటి గుర్తు ఉంటుంది. ఆ గుర్తు షెల్‌కీ, అది పిలిచిన గోటూకీ ఉమ్మడి. గోటూ ఫైలు మొదటి నుంచి వెతికి, కావాల్సిన లైను దగ్గరికి ఆ వేలుని జరిపి తప్పుకుంటుంది. షెల్ అక్కడి నుంచి చదువుకుంటూ పోతుంది.

ఆ లైనుకి గుర్తుగా ముందు కోలన్ పెట్టేవారు. షెల్ దాన్నీ కమాండ్ అనుకుని నడుపుతుంది కదా! అందుకే కోలన్ ఏమీ చేయని కమాండ్ అయింది.

1973లో పైపులు వచ్చాయి. తోటకి నీళ్లు పట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించాలని డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. థాంప్సన్ దాన్ని ఒక్క రాత్రిలో చేసి చూపించాడు.

1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది. ఇఫ్ లోపలికొచ్చేసింది, గోటూ అవసరం తీరిపోయింది. బోర్న్‌కి ఆల్గాల్ 68 భాష ఇష్టం. అందుకే ఇఫ్ ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి దాని అక్షరాలు తిరగేసి ఫై, కేస్‌కి అలాగే తిరగేసి ఎసాక్. ఆ లెక్కన లూప్‌లో, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చోట, వాడే డూ చివర 'ఓడీ' రావాలి. కానీ ఆ పేరుతో అప్పటికే ఒక కమాండ్ ఉంది, ఫైల్లోని బైట్లను ఆక్టల్ అంకెల్లో చూపించేది. అందుకే 'డన్'.

1989లో బ్రయన్ ఫాక్స్ బాష్ విడుదల చేశాడు. అందులోనూ కోలన్ ఉంది. అది ఎప్పుడూ విఫలం కాదు కాబట్టి, ఆగని లూప్ కావాలంటే ఇప్పటికీ లూప్ మొదలుపెట్టే వైల్ పక్కన దాన్నే పెడుతున్నాం.