జాతరలో చెల్లిన మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, ఆగస్టు 9న హనుమకొండలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియాలో పార్లమెంటు నుంచి చిన్న కాలేజీ మీటింగు దాకా ఒక ఆనవాయితీ ఉంది. ‘మనం కూర్చున్న ఈ నేల ఫలానా ఆదివాసులది, వాళ్ల పెద్దలకు గౌరవం’ అని చెప్పి, ఆ తర్వాతే పనిలోకి దిగుతారు. ఆ నేల ఎవరిదీ కాదన్నట్టు రెండు వందల ఏళ్లు నడిచిన వాదాన్ని 1992లో మాబో కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది. అయినా 2007లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల ప్రకటన ఓటుకు వచ్చినప్పుడు కాదన్న నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. రెండేళ్ల తర్వాత గానీ ఒప్పుకోలేదు. మాట చెప్పడం తేలిక, ఓటు వేయడం కష్టం!

ఆస్ట్రేలియా సభల్లో చెప్పే ఆ మాటలు తెచ్చి మన సభల్లో చదవమని నేను అడగను. మనకు మేడారం జాతర ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క. తెచ్చేది కోయ పూజారులైన వడ్డెలే. వాళ్లు గుట్ట దిగేదాకా అందరూ ఆగాల్సిందే. జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి అమ్మకు స్వాగతం పలుకుతారు. ఆ అడవి ఎవరిదో అక్కడ ఎవరూ మైకులో చెప్పనక్కర్లేదు.

వరంగల్ వాళ్లం కాబట్టి ఇంకో సంగతి. కరువులో కప్పం కట్టలేదని మేడారం మీదికి కాకతీయ సైన్యం వచ్చిందనీ, పోరులో పడిపోయిన సమ్మక్క కొడుకు జంపన్న పేరే సంపెంగ వాగుకు వచ్చిందనీ కదా కథ. ఆ సైన్యం కదిలింది ఈ ఓరుగల్లు నుంచే. ఇది చరిత్రా, జనం చెప్పుకున్న కథా అని పండితులు వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. మనం మాత్రం కోట తోరణం కింద సెల్ఫీ దిగి, నిలువెత్తు బంగారమని బెల్లం తూచుకుని మేడారం బస్సెక్కుతాం. కాకతీయులూ, సమ్మక్కా ఇద్దరూ మనవాళ్లే. ఇందులో చిక్కేమిటో మనకు ఎప్పుడూ తట్టలేదు.

జాతర నాలుగు రోజులూ కోయ పెద్దమనిషి మాట చెల్లుతుంది. మిగతా రోజుల్లో అదే మనిషి తన తాత అడవి కొట్టి సాగుచేసిన పోడు భూమికి హక్కు అడిగితే ‘కాయితం ఏది?’ అంటారు. తాతకు కాయితం ఎవరిచ్చారని?

చట్టం అలా అడగమనలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది, చదవండి. హక్కు అడిగేవాళ్లు కాక, ఊరి వేరే పెద్దలు చెప్పిన మాట రాసుకుంటే అది సాక్ష్యం. పాత బావి సాక్ష్యం. పొలానికి పోసిన గట్టు, పోయినవాళ్లను పూడ్చిన చోటు, వేల్పు ఉన్న చోటు, అన్నీ సాక్ష్యాలే. వీటిలో ఒకటికి మించి చూసి తేల్చాలి. ఉపగ్రహ చిత్రం తోడుగా పనికొస్తుందే తప్ప, మిగతావాటిని తోసెయ్యడానికి కాదని 2012 సవరణలు వచ్చినప్పుడే స్పష్టం చేశారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో గట్టు కనబడుతుందేమో గానీ, అది ఎవరి తాత పోసిందో కనబడదు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చామని ప్రభుత్వ లెక్క. మంచిదే. కానీ పోడు పట్టా కుటుంబానికి వస్తుంది. ఇప్పపువ్వు ఏరే చెట్లు, తునికాకు తెంపే అడవి, కొలుపు జరిగే గుట్ట ఒక కుటుంబానివి కావు, ఊరందరివి. వాటికీ అదే చట్టంలో ఊరుమ్మడి హక్కు ఉంది. ఆ అడవిని కాపాడుకునే, నడిపించుకునే అధికారం కూడా అందులో భాగమే. పోడు గురించి అరిచే మనం దీని గురించి దాదాపు మాట్లాడం. నన్నడిగితే అసలు గుర్తింపు ఇక్కడుంది.

మీలో లా చదివేవాళ్లున్నారు, తాడ్వాయి, ఏటూరునాగారం నుంచి వచ్చినవాళ్లున్నారు. సెలవుల్లో ఊరి పెద్దల దగ్గర కూర్చుని, ఏ గట్టు ఎవరు పోశారో, ఏ రాయి ఎవరి పేరున నిలిపారో వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకోండి. ఈ సాక్ష్యాలు చూసే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి. ఆ తీర్మానం నకలు మీ దగ్గర ఉంచుకోండి. దరఖాస్తు కొట్టేస్తే కారణం రాతలో అడగండి. పై కమిటీకి వెళ్లడానికి 60 రోజులుంటాయి.