కిరునాలో ఎగరని బెలూన్

అందరికీ నమస్కారం.

2021 జూన్‌లో, స్వీడన్ ఉత్తర కొసన కిరునా దగ్గరున్న ఎస్రేంజ్ అంతరిక్ష కేంద్రం నుంచి ఒక బెలూన్ పైకి లేవాల్సింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళది ఆ ప్రయోగం. పేరు స్కోపెక్స్. ఫ్రాంక్ కాయిట్ష్, డేవిడ్ కీత్ వంటి పేరున్న శాస్త్రవేత్తలు దాని వెనక ఉన్నారు. ఆ బెలూన్ ఎగరలేదు. అక్కడి మూలవాసులైన సామీలు అడ్డం చెప్పారు. ఎందుకు చెప్పారో అర్థం చేసుకోవడం మనకు చాలా అవసరమని నేను నమ్ముతున్నాను. అందుకే ఈ రోజు ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఆ శాస్త్రం సంగతి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం బద్దలైంది. కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్ ఆకాశంలో బాగా పైకి, స్ట్రాటోస్ఫియర్ దాకా వెళ్ళింది. అక్కడ సన్నటి తెరలా పరుచుకుని ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పికొట్టింది. తర్వాతి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. ఆ పని మనమే చేస్తే ఎలా ఉంటుంది అన్నదే సోలార్ జియో ఇంజనీరింగ్. స్కోపెక్స్ వాళ్ళు గంధకం బదులు సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, వాడి చూద్దామనుకున్నారు. దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున రెండు కిలోలలోపు పొడి చల్లి, అది ఎలా విస్తరిస్తుందో కొలుస్తారు. అది కూడా తర్వాతి దశలోనే. కిరునాలో జరగాల్సిన మొదటి ప్రయాణంలో పొడి చల్లే ఆలోచనే లేదు. పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం, అంతే.

మరి ఇంత చిన్నదానికి అంత గొడవ ఎందుకు? శాస్త్రవేత్తల్లో చాలామంది నిజాయితీగానే అడిగిన ప్రశ్న ఇది. ఒక్క విమానం వదిలే పొగతో పోలిస్తే రెండు కిలోల పొడి ఎంత?

2021 ఫిబ్రవరిలో సామీ కౌన్సిల్, స్వీడన్ పర్యావరణ సంఘాలతో కలిసి, ఒక లేఖ రాసింది. సామీ కౌన్సిల్ అంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలలోని సామీల ఉమ్మడి సంస్థ. 1956 నుంచీ ఉంది. మా నేల మీద ఈ ప్రయోగం పెట్టుకున్నారు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు అన్నది వాళ్ళ మొదటి అభ్యంతరం. రెండోది ఇంకా లోతైనది. ఈ టెక్నాలజీ వెళ్ళే దారే తప్పు, బొగ్గూ చమురూ మానడం వాయిదా వేయడానికి ఇది సాకవుతుంది అన్నారు. ఒక్క బెలూన్ వల్ల హాని జరుగుతుందన్నది వాళ్ళ వాదనకు కేంద్రం కాదు. ఆ బెలూన్ దేనికి మొదటి మెట్టు అన్నదే వాళ్ళ బాధ. కాబట్టి "ఇది చాలా చిన్నది" అన్న జవాబు వాళ్ళ ప్రశ్నను తాకనే లేదు.

మార్చి చివర్లో, ఎస్రేంజ్‌ను నడిపే స్వీడిష్ స్పేస్ కార్పొరేషన్ తప్పుకుంది. స్వీడన్ ప్రజలతో మాట్లాడేదాకా ఆగమని హార్వర్డ్ సొంత సలహా సంఘం కూడా చెప్పింది. 2024 మార్చిలో ఆ ప్రాజెక్టునే పూర్తిగా మూసేశారు.

సామీల సంగతి తెలియకపోతే ఇది మొండితనంలా కనిపించవచ్చు. వాళ్ళలో చాలామంది బతుకు రెయిన్‌డీర్ మందలతో ముడిపడి ఉంది. చలికాలంలో ఆ జంతువులు మంచు తవ్వుకుని, నేల మీద నాచులా పరుచుకుని పెరిగే లైకెన్లు తింటాయి. లైకెన్‌కు వేళ్ళు ఉండవు. గాలిలోంచి, వానలోంచి ఏది వస్తే అది పీల్చుకుంటుంది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగాక రేడియోధార్మిక సీజియం గాలిలో కొట్టుకొచ్చి స్వీడన్, నార్వేల మీద వానతో కురిసింది. లైకెన్లలోకి చేరింది, అక్కడినుంచి రెయిన్‌డీర్లలోకి చేరింది. వేల జంతువుల మాంసం తినడానికి పనికిరాదని పారేయాల్సి వచ్చింది. వందల మైళ్ళ దూరంలో ఎవరో చేసిన తప్పుకు, అందులో ఏ పాత్రా లేని కుటుంబాలు ఏళ్ళ తరబడి బాధపడ్డాయి. సుద్దపొడిని అణుధూళితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పైనుంచి పడేది ఎవరి గిన్నెలోకి చేరుతుందో అనుభవంతో తెలిసిన జనం, "ప్రమాదమేమీ లేదు, నమ్మండి" అనే మాటను అంత తేలిగ్గా తీసుకోరు. వాళ్ళు తీసుకోనందుకు నేను వాళ్ళను తప్పుపట్టలేను.

ఇంకో అనుభవం కూడా ఉంది. నార్వేలో ఫోసెన్ అనే చోట, సామీల మేత భూముల్లో 151 గాలిమరలు నిలబెట్టారు. అదీ వాతావరణాన్ని కాపాడే పేరుతోనే. 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు ఆ అనుమతులు సామీల హక్కులకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించాల్సి వచ్చింది. మంచి పని పేరు చెప్పి భూమి పోవడం వాళ్ళకు కొత్త కాదు.

మనకూ కొత్త కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమి మీద ఆదివాసుల హక్కును నిలబెట్టిన 1997 నాటి సమత తీర్పు మన విశాఖ మన్యం నుంచే వచ్చింది. ఇప్పుడు అదే కొండల్లో పంప్డ్ స్టోరేజ్, అంటే నీటిని పైకి తోడి నిల్వచేసి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే, విద్యుత్ ప్రాజెక్టులు వద్దని ఆదివాసులు పోరాడుతున్నారు. గ్రామసభను అడగకుండా అనుమతులు ఎలా ఇస్తారు అని వాళ్ళు అడిగేదీ, కిరునాలో సామీలు అడిగిందీ ఒకటే.

అయితే రెండో వైపు మాట కూడా బలమైనదే. దాన్ని దాటేసి వెళితే నేను మీకు అన్యాయం చేసినట్టే. ఆర్కిటిక్ ప్రాంతం గత నలభై ఏళ్ళలో ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. చలికాలంలో మంచు బదులు వాన పడి, అది గడ్డకట్టి, లైకెన్ల మీద గట్టి పొర కడుతోంది. రెయిన్‌డీర్లు దాన్ని తవ్వలేక ఆకలితో చస్తున్నాయి. ఉద్గారాలు తగ్గించినా చల్లబడడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఏదో ఒక దేశం భయపడి ఈ పొడి చల్లడం మొదలుపెడితే, దాని ఫలితాల గురించి మన దగ్గర ఏ సమాచారమూ లేకపోతే అప్పుడేం చేస్తాం? అందుకే పరిశోధన కావాలని 2023లో వందమందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు చేశారు. అంతకు ముందు ఏడాది ఇంకో బృందం, ఈ టెక్నాలజీ వాడబోమని దేశాలన్నీ ఒప్పందం చేసుకోవాలని, బయట ప్రయోగాలు అసలే వద్దని పిలుపిచ్చింది.

నా అభిప్రాయం దాచను. కంప్యూటర్ నమూనాలతో చేసే అధ్యయనం సాగాలి, మన దేశంలో ఇంకా ఎక్కువ సాగాలి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గోవిందసామి బాల వంటివారు ఏళ్ళుగా ఆ పని చేస్తున్నారు. స్ట్రాటోస్ఫియర్‌లో చల్లిన సల్ఫేట్ ఆసియా, ఆఫ్రికా రుతుపవనాలను దెబ్బతీయవచ్చని 2008లోనే ఒక ముఖ్యమైన అధ్యయనం హెచ్చరించింది. నైరుతి వారం ఆలస్యమైతేనే అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో రైతుకు ఎంత టెన్షనో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా ఒకసారి మొదలుపెడితే దాన్ని దశాబ్దాల పాటు ఆపకుండా చేయాలి. ఆ కణాలు ఏడాది, రెండేళ్ళకు మించి పైన నిలవవు. మధ్యలో యుద్ధం వచ్చో, డబ్బు లేకో ఆపేస్తే అణిగి ఉన్న వేడి కొద్ది ఏళ్ళలోనే మీద పడుతుంది. ఇంత పెద్ద నిర్ణయానికి దారి తీసే ప్రయోగాన్ని ఆరుబయట చేయాలంటే, ఆ నేల మీద ఉన్నవాళ్ళు ముందే, అన్నీ తెలిసి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకోవాలి. వద్దంటే ఆగాలి. 2007 నాటి ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటన కోరేది ముందస్తు సమ్మతినే.

కిరునా తర్వాత ఏం మారింది? 2022లో ఒక అమెరికన్ కంపెనీ మెక్సికోలో ఎవరినీ అడగకుండా సల్ఫర్ డయాక్సైడ్ నింపిన బెలూన్లు వదిలింది. ప్రభుత్వానికీ అక్కడి ప్రజలకూ చెప్పకుండా చేశారంటూ 2023 జనవరిలో మెక్సికో అలాంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించింది. బ్రిటన్‌లో ఏరియా (ARIA) అనే ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ 2025లో ఈ రంగానికి 5 కోట్ల 68 లక్షల పౌండ్లు కేటాయించింది. ఆరుబయట ప్రయోగం చేసేముందు పర్యావరణ ప్రభావ నివేదిక బయటపెట్టాలని, స్థానికులతో సంప్రదించాలని షరతు పెట్టుకుంది. కిరునా నాటికి ఇది ముందడుగే. కానీ సంప్రదించడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరు. స్థానికులు వద్దంటే ప్రయోగం ఆగుతుందా అన్నది ఆ షరతు చూసి చెప్పలేం. మీలో ఎవరైనా రేపు ఈ రంగంలో పనిచేస్తే, మొదటి సమావేశంలోనే ఆ ప్రశ్న అడగండి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.