బ్లూటూత్ హెడ్‌సెట్ విమానానికి ఎందుకు కనెక్ట్ అవ్వదు? (రెండు బిందెలు, ఒక కొళాయి)

[బెంచ్ మీద హెడ్‌సెట్, ఫోన్, ఒక ఆడియో ప్యానెల్. పక్కన రెండు స్టీలు బిందెలు.]

నమస్కారం. విశాఖపట్నంలో ఎన్‌ఏడీ దగ్గరున్న మా వర్క్‌షాప్ నుంచి మాట్లాడుతున్నాను. రన్‌వే ఇక్కడికి దగ్గరే. కానీ అది నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా, అక్కడ కెమెరా బయటకు తియ్యకూడదు. అందుకే అన్నీ ఈ బెంచ్ మీదే చూపిస్తాను. ఇదిగో ఇది ఆడియో ప్యానెల్, విమానంలో రేడియోలనీ పైలట్ల హెడ్‌సెట్‌లనీ కలిపే పెట్టె.

ఫ్లయింగ్ స్కూళ్ళలో చేరిన మన తెలుగు పిల్లల దగ్గర్నుంచి నాకు వచ్చే మెసేజుల్లో ఒకటి మాత్రం ఆగదు. "అన్నా, కొత్త హెడ్‌సెట్ కొన్నాను, బ్లూటూత్ ఉంది. విమానంలో ఆడియో ప్యానెల్‌కీ బ్లూటూత్ ఉంది. రెండూ కలవట్లేదు. హెడ్‌సెట్ పోయిందా?" పోలేదు నాన్నా. నీ హెడ్‌సెట్‌కి ఏమీ కాలేదు. కొందరైతే కొరియర్‌లో నాకే పంపించేస్తారు. పెట్టె విప్పి, నా ఫోన్‌కి కలిపితే క్షణంలో పాట వస్తుంది. ఇంటి దగ్గర నాన్నగారు అప్పు చేసి కొనిచ్చిన వస్తువు అది. బాగున్నదాన్ని పాడైందనుకుని అమ్మేస్తానన్న కుర్రాడు కూడా ఉన్నాడు. ఆ బాధ చూడలేకే ఈ వీడియో.

[బిందెలు ఫ్రేములోకి లాగుతూ]

ఇవి చూడండి. రెండు బిందెలు. వీధి కొళాయి దగ్గర బిందె పెడితే నిండుతుంది. అదే ఈ బిందె మూతికి ఆ బిందె మూతి ఆనించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోండి. ఒక్క చుక్క అయినా దిగుతుందా? రెండిట్లో ఏదీ పాడవలేదు. అక్కడ కొళాయి లేదు, అంతే.

బ్లూటూత్ ఆడియోలో ఎప్పుడూ ఒకళ్ళు కొళాయి, ఒకళ్ళు బిందె. మీ ఫోను, ట్యాబ్లెట్ కొళాయిలు. శబ్దం వాటిలోంచి వస్తుంది. మీ హెడ్‌సెట్ బిందె. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. విమానంలోని ఆడియో ప్యానెల్ కూడా బ్లూటూత్ వరకు చాలా మోడళ్ళలో బిందే! గార్మిన్ జీఎంఏ 345 తీసుకోండి, పీఎస్ ఇంజినీరింగ్ పీఎంఏ450 తీసుకోండి. వాటిలో బ్లూటూత్ పెట్టింది పైలట్ ఫోను కలుపుకుని పాటలు, కాల్స్ ఇంటర్‌కామ్‌లోకి, అంటే విమానంలో ఉన్నవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే లైనులోకి, తెచ్చుకోవడానికి. అంటే ఆ ప్యానెల్ మీ ఫోన్ కంటికి ఇంకో హెడ్‌సెట్‌లాగే కనిపిస్తుంది. మీ హెడ్‌సెట్ పెయిరింగ్‌లో పెట్టి, ప్యానెల్ కూడా పెయిరింగ్‌లో పెడితే, రెండూ కొళాయి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటాయి. రెండు బిందెలు.

మరి హెడ్‌సెట్‌లోకి ఏటీసీ, అంటే కంట్రోల్ టవర్ వాళ్ళ గొంతు, ఎలా వస్తుంది? వైరు. విమానం రేడియో నుంచి అయితే వైరే.

[క్లోజప్: రెండు ప్లగ్గులు అరచేతిలో]

దగ్గరగా చూడండి. ఇది వినడానికి, పీజే-055, మందం 6.35 మిల్లీమీటర్లు. ఇది మైక్‌కి, పీజే-068, 5.23 మిల్లీమీటర్లు. మైక్ ప్లగ్గు సన్నం కాబట్టి పెద్ద జాక్‌లో కూడా వదులుగా దూరిపోతుంది. చీకట్లో, తొందరలో తారుమారు చేసేది ఇక్కడే. హెలికాప్టర్లలో ఇలా రెండు కాకుండా యూ-174 అని ఒకే ప్లగ్గు. ఎయిర్‌బస్‌లో అయిదు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. ఆకారం మారినా వైరు మారలేదు.

"ఈ కాలంలో ఇంకా వైరేంటి అన్నా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. కొంచెం ఆగి చెబుతాను.

మీరు పీటీటీ, అంటే రేడియోలో మాట్లాడే బటన్, నొక్కి మాట్లాడినప్పుడు మీ గొంతు మీ చెవికే తిరిగి వినిపిస్తుంది. దాన్ని సైడ్‌టోన్ అంటాం. వైరులో అది వెంటనే వస్తుంది. బ్లూటూత్‌లో శబ్దాన్ని ముందు కుదించాలి, ప్యాకెట్లు కట్టాలి, పంపాలి, అవతల విప్పాలి. పాటలు వచ్చే మామూలు పద్ధతిలో దీనికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు సులభంగా పడుతుంది. కొళాయి తిప్పాక పొడుగు పైపు చివర నీళ్ళు ఆలస్యంగా వస్తాయే, అలా. పాటకి ఫరవాలేదు, పాట ఎప్పుడు మొదలైతే మీకేంటి? కానీ మీ గొంతే మీకు 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినపడితే?

[ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆలస్యం పెట్టిన యాప్ ఆన్ చేసి]

చూడండి, నా గొంతు నాకే ఆలస్యంగా వచ్చేలా పెట్టాను. "విక్టర్... ట్యాం...గో... రన్‌వే... రన్‌వే టూ..." నాలుక ముడిపడిపోతోంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న పైలట్ అయినా ఇంతే, ఎందుకంటే మెదడు ఆ ఆలస్యాన్ని భరించలేదు. పైగా వైరుకి ఛార్జింగ్ అక్కర్లేదు, పెయిరింగ్ అక్కర్లేదు, పక్కవాడి ఫోన్ వచ్చి దాన్ని లాక్కుపోలేదు.

మన బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం ఉంది కదా, 29 ఏళ్ళు నేవీలో ఎగిరి 2017లో రిటైరైంది. ఆ ఏడాది డిసెంబరు నుంచే మ్యూజియం. అంత పెద్ద విమానంలో అంతమంది సిబ్బంది ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నది వైరు మీదే. పిల్లలతో వెళ్ళినప్పుడు అది తలుచుకుని లోపల కాసేపు నిలబడండి. నాకైతే అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ గౌరవం పెరుగుతుంది.

సరే, మళ్ళీ బిందెల దగ్గరికి. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఈ పోలిక ఒకచోట సరిపోదు. ఫోన్ కాల్ వచ్చినప్పుడు మీ గొంతు వెనక్కి కూడా వెళ్ళాలి కదా. అప్పుడు రెండు పైపులు, ఒకటి ఇటు, ఒకటి అటు. పాటలకి వాడే పద్ధతి ఎ2డీపీ, ఒకవైపే వెళ్ళే లావు పైపు. కాల్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ, రెండు వైపులా వెళ్ళే సన్న పైపులు. కాల్ మొదలవగానే శబ్దం పాత టెలిఫోన్‌లా పీలగా అయిపోతుందే, అది హెడ్‌సెట్ లోపం కాదు, లావు పైపు నుంచి సన్న పైపుకి మారింది. అయినా కొళాయి ఎవరో బిందె ఎవరో మారదు, కాల్ నడిపేది ఫోనే. కొన్ని చేతి రేడియోల్లో బ్లూటూత్ ఉంటుంది చూశారా, యాయేసు ఎఫ్‌టీఏ-850ఎల్ లాంటివి? అవి హెడ్‌సెట్‌తో కలుస్తాయి. ఎందుకంటే అక్కడ రేడియోనే కొళాయి వేషం వేసింది.

ఇంకో అపోహ. ఇది నన్ను ఇంకా ఎక్కువ చిరాకు పెడుతుంది. "అన్నా, మా జీపీఎస్‌కి బ్లూటూత్ కనెక్టెడ్ అని వస్తోంది, కానీ హెడ్‌సెట్‌లో ఏమీ వినపడట్లేదు." తమ్ముడూ, అది ఫ్లైట్ స్ట్రీమ్ 510. లేదంటే జీటీఎక్స్ 345 ట్రాన్స్‌పాండర్, రాడార్‌కి జవాబిచ్చే పెట్టె. వాటి బ్లూటూత్‌లో వెళ్ళేది సమాచారం. ఫ్లైట్ ప్లాను, పొజిషను, చుట్టుపక్కల ట్రాఫిక్ మీ ట్యాబ్లెట్‌కి వెళ్తాయి. ఆ పైపులో శబ్దమే లేదు. అది కరెంటు తీగ పట్టుకుని నీళ్ళు రావట్లేదని అడగడం. ట్రాఫిక్ హెచ్చరిక గొంతు మీ చెవిలో పడాలంటే, ట్యాబ్లెట్ అనే కొళాయిని విడిగా మీ హెడ్‌సెట్ అనే బిందెకి కలపాలి.

ఇప్పుడు నిజంగా వచ్చే ఫిర్యాదులు. ఎక్కువసార్లు వచ్చేది ఇది: "పాట వస్తుంది, కానీ ప్రతి రెండు సెకన్లకీ ఆగిపోతోంది. బ్లూటూత్ వీక్." నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఇంజిన్ ఆపితే ఆగుతుందా? "లేదన్నా, ఇంజిన్ ఆపితే బాగా వస్తోంది." దొరికింది!

[ప్యానెల్ మీద చిన్న నాబ్‌కి క్లోజప్]

ఈ నాబ్ స్క్వెల్చ్. ఇంటర్‌కామ్‌లో ఎవరూ మాట్లాడనప్పుడు మైక్‌ని మూసే తలుపు లాంటిది. అది మరీ వదులుగా పెడితే ఇంజిన్ రొదకే తలుపు తెరుచుకుంటుంది. మీ హెడ్‌సెట్‌లో ప్రయారిటీ ఆన్‌లో ఉంటే, ఇంటర్‌కామ్‌లో ఏ చప్పుడు వచ్చినా "ఎవరో మాట్లాడుతున్నారు" అనుకుని పాటని కిందికి దించేస్తుంది. అది దాని ధర్మం, చక్కగా చేస్తోంది. ఇంజిన్ తిరుగుతూ ఉండగా, ఎవరూ మాట్లాడకుండా, రొద ఆగిపోయేదాకా నాబ్ తిప్పి, ఇంకొక్క వెంట్రుకవాసి ముందుకి తిప్పండి. అంతే. కొన్ని ప్యానెల్స్‌లో ఇది ఆటోమేటిక్, అక్కడ నాబ్ ఉండదు, మైక్ చూడాలి. మైక్ పెదవులకి తగిలీ తగలనట్టు, 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మాట్లాడే వైపు లోపలికి తిరిగి ఉందా? స్పాంజి తొడుగు ఉందా? తొడుగు పోయిన మైక్‌లోకి గాలి, రొద నేరుగా పోతాయి. మూడు హెడ్‌సెట్‌లు "బ్లూటూత్ రిపేర్" అని వచ్చాయి, మూడింటికీ స్పాంజి వేసి పంపాను.

"టిట్-టిట్-టిట్-టుర్ర్" అని చెవిలో కొట్టుకుంటోందా? అది కూడా బ్లూటూత్ కాదు. జీఎస్ఎం ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటూ సెకనుకి సుమారు 217 సార్లు పంపే పల్సులు మీ వైరులోకి దూరుతున్నాయి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, తర్వాత బ్లూటూత్ మాత్రం మళ్ళీ ఆన్ చేయండి. ఫ్లైట్ మోడ్ పెట్టగానే బ్లూటూత్ కూడా ఆరిపోయిందని గమనించక "డిస్కనెక్ట్ అవుతోంది" అనే వాళ్ళు కూడా ఉన్నారు. ఇంజిన్ వేగంతో పాటు పెరిగి తగ్గే సన్నని ఈల వస్తే అది ఆల్టర్నేటర్ గోల. మీ ఇంజినీరుకి చెప్పండి, లాగ్‌లో రాయండి.

ఇక మన విశాఖ వాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి.

[ప్లగ్గు భూతద్దం కింద]

ఈ ప్లగ్గు కొన చూడండి. ఇత్తడి మీద పచ్చగా, నల్లగా పట్టిన పొర. ఉప్పు గాలి చేసిన పని ఇది. బీచ్‌కి దగ్గర ఇంట్లో, కిటికీ పక్కన వేలాడదీసిన హెడ్‌సెట్. కదిపినప్పుడు కరకర, ఒక్కో చెవి పోవడం, ఒక్కోసారి మైకే పోవడం. గరుకు కాగితంతో రుద్దకండి, పై పూత పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని మెత్తటి గుడ్డ. తిప్పుతూ తుడవండి. తర్వాత జాక్‌లో పెట్టేటప్పుడు "టిక్" మని చివరి వరకు వెళ్ళాలి. ప్లగ్గు మెడకీ జాక్‌కీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు కనిపిస్తే లోపలికి వెళ్ళనట్టే. ఒక కుర్రాడి హెడ్‌సెట్‌లో ఎడమ చెవి ఒక్కటే వస్తోందంటే వీడియో కాల్‌లో చూశాను. ఈ సందే. అటు నుంచి నొక్కాడు, "అన్నా వచ్చేసింది" అన్నాడు. సందు లేకపోయినా ఒక్క చెవే వస్తుంటే హెడ్‌సెట్ మీద స్టీరియో-మోనో స్విచ్ చూడండి. మోనో విమానంలో స్టీరియోలో పెడితే ఒక చెవి మూగబోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఫోన్ కలవట్లేదా? హెడ్‌సెట్‌ని ఇంటికి తీసుకెళ్ళి, విమానం లేకుండా ఫోన్‌తో ఒక్కదాంతో కలపండి. కలిసిందంటే హెడ్‌సెట్ మంచిది. కలవకపోతే రెండు వైపులా పాత పేర్లు తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి. ఇంట్లో ఇంకో ఫోన్ ముందే దాన్ని పట్టుకుని ఉంటుంది, అంటే వేరే కొళాయి కింద మీ బిందె ముందే ఉంది. ఆ ఫోన్లో బ్లూటూత్ ఆపండి.

ఫోన్‌ని ప్యానెల్‌కి కలుపుతారా, హెడ్‌సెట్‌కా? ఒక్కటే ఎంచుకోండి. ప్యానెల్‌కి కలిపితే, ప్యానెల్ సెట్టింగ్‌ని బట్టి పక్కవాళ్ళు కూడా వింటారు. హెడ్‌సెట్‌కి అయితే మీరొక్కరే. రెండిటికీ ఒకేసారి కలపబోతే ఏది ఎటు పోతుందో తెలియక తికమక.

ఫోన్ మీ వెనక జేబులో ఉంటే మీ ఒళ్ళే అడ్డు. మనిషి శరీరం నిండా నీళ్ళే, 2.4 గిగాహెర్ట్జ్ నీళ్ళలోంచి సరిగ్గా పోదు. తొడ మీద పెట్టండి, హెడ్‌సెట్ కంట్రోల్ బాక్స్ ఉన్న వైపే. కాక్‌పిట్‌లో వైఫై ఇచ్చే పోర్టబుల్ రిసీవర్ ఉంటే దాన్ని కొంచెం దూరంగా జరపండి, అదీ 2.4 లోనే ఉండొచ్చు.

బ్యాటరీ. బోస్ ఎ20కి రెండు ఏఏ సెల్స్. సెల్స్ నీరసిస్తే నాయిస్ క్యాన్సిలింగ్, బ్లూటూత్ పోతాయి, వైరు మీద రేడియో మాత్రం వస్తూనే ఉంటుంది. పాత మిలిటరీ హెడ్‌సెట్ చవగ్గా దొరికిందని తెచ్చేవాళ్ళు చాలా జాగ్రత్త. వాటి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి పెట్టే అడ్డు, వేరు, మైక్ రకం వేరు. ప్లగ్గు దూరినా సరిగ్గా వినపడదు, మాట వెళ్ళదు. అడాప్టర్ కావాలి. దీని మీద వేరే వీడియో చేస్తాను.

ఇవన్నీ నేల మీదే, స్క్వెల్చ్ తప్ప మిగతావి ఇంజిన్ ఆపి. పైన ఉండగా పెయిరింగ్ మెనూలోకి వెళ్ళొద్దు. పైన రేడియోనే పోతే ముందు విమానం నడపండి. తర్వాత ప్లగ్గులు రెండూ నొక్కండి, వాల్యూమ్ చూడండి, పక్క సీటు జాక్‌లో పెట్టి చూడండి, చేతి మైక్ ఉంటే తీయండి. అప్పటికీ రాకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600, అంటే రేడియో పోయిందని ఏటీసీకి చెప్పే కోడ్.

[ప్లగ్గుని జాక్‌లోకి నొక్కి, సందు లేదని కెమెరాకి దగ్గరగా చూపిస్తూ]

మీ హెడ్‌సెట్ ఏ మోడల్, ప్యానెల్ ఏ మోడల్, ఇంజిన్ ఆపితే ఏమవుతోంది. కామెంట్లో ఈ మూడూ రాయండి, ఒక్కొక్కరికీ సమాధానం ఇస్తాను.